హోల్డ్, పార్క్, ట్రాన్స్‌ఫర్, ఫార్వర్డ్: ఆఫీసు ఫోనులో దేన్ని ఎప్పుడు వాడాలి

ఆఫీసు బల్ల మీది ఫోనులో పది పన్నెండు సదుపాయాలు ఉన్నా చాలామంది వాడేవి రెండే: రిసీవర్ ఎత్తడం, పెట్టేయడం. కాల్‌ను ఇంకొకరికి ఇవ్వవలసి వచ్చినప్పుడు ‘ఒక్క నిమిషం ఉండండి’ అని రిసీవర్‌ను బల్ల మీద పడుకోబెట్టి ఆ వ్యక్తిని కేకేసి పిలిచే అలవాటు ఇప్పటికీ చాలా కార్యాలయాల్లో ఉంది. ఈలోగా గదిలోని మాటలన్నీ అవతలి వ్యక్తి చెవిన పడుతూనే ఉంటాయి. ఫోనుతో వచ్చే పుస్తకం ఏ బటన్ ఏం చేస్తుందో చెబుతుంది గాని, ఒకే పనికి మూడు బటన్లు కనిపించినప్పుడు వాటిలో దేన్ని నొక్కాలో చెప్పదు. ఆ ఎంపికే ఇక్కడి విషయం.

ఎంపికకు రెండు ప్రశ్నలు చాలునని నా అభిప్రాయం. బటన్ నొక్కిన మరుక్షణం నుంచి ఆ ఫోన్ చేసిన వ్యక్తి బాధ్యత ఎవరిది? అటువైపు ఎవరూ తీయకపోతే ఆ కాల్ చివరికి ఎక్కడ తేలుతుంది? హోల్డ్‌కూ పార్క్‌కూ, రెండు రకాల ట్రాన్స్‌ఫర్‌లకూ, మూడు రకాల ఫార్వర్డ్‌లకూ ఉన్న తేడా అంతా ఈ రెండు ప్రశ్నలకు వచ్చే జవాబులలోనే ఉంది.

పేర్లు కంపెనీని బట్టి మారుతుంటాయి. ఒక ఫోనులో ‘ట్రాన్స్‌ఫర్’ అని రాసి ఉంటే ఇంకొకదానిలో బాణం గుర్తు ఉంటుంది. పాత అనలాగ్ ఫోనులో ‘ఫ్లాష్’ నొక్కి ఎక్స్‌టెన్షన్ నంబరు, అంటే ఆఫీసు లోపలి ఫోను నంబరు, కొట్టాలి. పనులు మాత్రం దాదాపు అన్నిచోట్లా ఒకటే. ఇంటర్నెట్ ప్రమాణాలను రూపొందించే ఐఈటీఎఫ్ 2008లో వెలువరించిన ఆర్‌ఎఫ్‌సీ 5359 అనే పత్రం హోల్డ్, రెండు రకాల ట్రాన్స్‌ఫర్, మూడు రకాల ఫార్వర్డ్, పార్క్, పికప్, ముగ్గురి కాన్ఫరెన్స్ వంటివాటిని ఐపీ ఫోన్ల (కంప్యూటర్ నెట్‌వర్క్ మీద నడిచే ఫోన్ల) మధ్య ఎలా నడపవచ్చో అంచెలంచెలుగా చూపిస్తుంది. కాబట్టి ఒక వ్యవస్థలో నేర్చుకున్న తేడాలు మరో వ్యవస్థకు మారినా పనికివస్తాయి. మారేది బటన్ ఉన్న చోటు మాత్రమే.

మ్యూట్, హోల్డ్

మ్యూట్ నొక్కితే మన మైకు ఒక్కటే ఆగుతుంది. అవతలివారి మాట మనకు వినిపిస్తూనే ఉంటుంది, వారికి మాత్రం నిశ్శబ్దం మిగులుతుంది. హోల్డ్ నొక్కితే మాట రెండువైపులా ఆగిపోతుంది. వ్యవస్థలో ఏర్పాటు చేసి ఉంటే వారికి సంగీతమో, రికార్డు చేసిన సందేశమో వినిపిస్తుంది. దగ్గు వచ్చినప్పుడు, పక్కవారితో ఒక మాట అనవలసినప్పుడు మ్యూట్ సరిపోతుంది. ఫైలు వెతకడానికో, పై అధికారిని అడగడానికో వెళ్ళేటప్పుడు హోల్డ్ పెట్టడమే మంచిది, ఎందుకంటే ఇరవై సెకన్ల పాటు ఏ శబ్దమూ రాకపోతే లైన్ తెగిపోయిందనుకుని చాలామంది ‘హలో, హలో’ అని పెట్టేస్తారు.

కాన్ఫరెన్స్ కాల్‌లో మాత్రం ఈ సలహా తలకిందులవుతుంది. అక్కడ మీరు హోల్డ్ నొక్కితే మీ ఆఫీసు హోల్డ్ సంగీతం సమావేశంలో ఉన్న అందరికీ వినిపించే ప్రమాదం ఉంది. మిగతావారు మాట్లాడలేరు, మీరు హోల్డ్‌లో ఉన్నారు కనుక వారి గోడు మీకు వినిపించదు. సమావేశం మధ్యలో లేచి వెళ్ళవలసి వస్తే మ్యూట్ వాడండి, లేదా కాల్ వదిలేసి మళ్ళీ చేరండి. ఇంకొక చిన్న విషయం: హెడ్‌సెట్ తీగ మీది మ్యూట్‌కూ ఫోను మీది మ్యూట్‌కూ చాలా పరికరాల్లో సంబంధం ఉండదు. ఒకటి తీసేసినా రెండోది అలాగే ఉండిపోవచ్చు.

హోల్డ్, పార్క్

హోల్డ్‌లో పెట్టిన కాల్ మీ ఫోనుకే కట్టుబడి ఉంటుంది. మీ ఫోను మీద ఆ లైన్ దీపం మిణుకుమిణుకుమంటుంది. మళ్ళీ మీరే, అక్కడి నుంచే తీయాలి. బాధ్యత మీది. పార్క్ చేసిన కాల్ మీ ఫోనును వదిలి వ్యవస్థలోని ఒక నంబరు మీదికి వెళ్ళి నిలబడుతుంది. ఆ నంబరును ఆఫీసులోని ఏ ఫోను నుంచి డయల్ చేసినా ఆ కాల్ అక్కడికి వస్తుంది. ఉదాహరణకు ఆఫీసు ఫోను వ్యవస్థను నడిపే అస్టెరిస్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వచ్చే నమూనా అమరికలో 700కు ట్రాన్స్‌ఫర్ చేస్తే వ్యవస్థ ‘701’ అని మీకు చదివి వినిపిస్తుంది. గోదాములో ఉన్న వ్యక్తి అక్కడి గోడ ఫోను మీద 701 కొడితే కాల్ అందుతుంది. ఆ నమూనాలో నిలిపే నంబర్లు 701 నుంచి 720 వరకు ఉంటాయి.

కాబట్టి మీరు మీ కుర్చీకే తిరిగి వచ్చి మాట్లాడేటట్లయితే హోల్డ్, మాట్లాడవలసిన వ్యక్తి భవనంలో ఉన్నాడు గాని తన బల్ల దగ్గర లేడు అన్నప్పుడు పార్క్. మీరే ఒక గదిలో కాల్ మొదలుపెట్టి పత్రాలున్న ఇంకో గదిలో కొనసాగించాలన్నా పార్క్ చక్కగా పనిచేస్తుంది. ఎవరి బల్ల దగ్గర వారే కూర్చుని పనిచేసే కార్యాలయంలో పార్క్ అవసరం అరుదు; దుకాణం, వర్క్‌షాపు, ఆసుపత్రి వంటి చోట్ల, అంటే సిబ్బంది కాలు నిలవకుండా తిరిగే చోట్ల, దాని విలువ తెలుస్తుంది.

బయటి లైన్లన్నీ ప్రతి ఫోను మీదా బటన్లుగా కనిపించే చిన్న ఆఫీసులలో పరిస్థితి వేరు. అక్కడ ఒకరు రెండో లైన్‌ను హోల్డ్‌లో పెడితే అందరి ఫోన్ల మీదా రెండో లైన్ దీపం మిణుకుమంటుంది, ఎవరైనా దాన్ని నొక్కి మాట్లాడవచ్చు. అంటే ఆ వ్యవస్థలో హోల్డ్ బటనే పార్క్ పని చేస్తోంది. అలాంటి చోటి నుంచి పెద్ద ఐపీ వ్యవస్థకు మారినవారు ‘హోల్డ్‌లో పెట్టాను, తీసుకోండి’ అంటారు, అవతలివారికి ఏ దీపమూ వెలగదు. వ్యవస్థ మారినప్పుడు ముందుగా సిబ్బందికి చెప్పవలసిన తేడా ఇదే.

పార్క్‌లోని బలహీనత కూడా దాని బలంలోనే ఉంది. ఎవరైనా తీయగల కాల్ ఎవరిదీ కాని కాల్‌గా మిగిలిపోగలదు. అందుకే దాదాపు ప్రతి వ్యవస్థలో ఒక గడువు ఉంటుంది. ఆలోగా ఎవరూ తీయకపోతే కాల్ పార్క్ చేసిన వ్యక్తి ఫోనుకో, రిసెప్షన్‌కో తిరిగి వస్తుంది. అస్టెరిస్క్‌లో ముందుగా పెట్టి ఉండే గడువు 45 సెకన్లు, సిస్కో కంపెనీ వారి యూనిఫైడ్ కమ్యూనికేషన్స్ మేనేజర్ అనే ఫోను వ్యవస్థలో 60 సెకన్లు. మనిషి మెట్లెక్కి రావలసిన భవనంలో 45 సెకన్లు చాలవు, దాన్ని పెంచుకోవాలి. తిరిగి వచ్చిన కాల్‌ను కొత్త కాల్ అనుకుని ‘నమస్కారం, ఎవరు కావాలండీ’ అని మొదటి నుంచి అడగడం కంటే అవతలివారిని చిరాకుపరిచేది లేదు. తిరిగి వచ్చిన కాల్‌కు స్క్రీన్ మీద ప్రత్యేకమైన గుర్తు గాని, వేరే రింగ్ గాని వచ్చేలా అమర్చమని ఫోను వ్యవస్థ నిర్వాహకుణ్ణి అడగవచ్చు. కాల్ పార్క్ చేశానని ఆఫీసు మైకులో ప్రకటించేటప్పుడు ఆ పార్క్ నంబరును రెండుసార్లు చెప్పి, ఎవరి కోసమో చెప్పడం చాలు. అవతలివారి సొంత విషయం మైకులోకి రాకూడదు.

ట్రాన్స్‌ఫర్: చెప్పి ఇవ్వడమా, నేరుగా పంపడమా

ఎక్కువ కాల్స్ తప్పిపోయేది ఇక్కడే కనుక దీని మీద కొంచెం ఎక్కువసేపు ఆగాలి.

నేరుగా పంపే ట్రాన్స్‌ఫర్‌ను బ్లైండ్ ట్రాన్స్‌ఫర్ అంటారు. ట్రాన్స్‌ఫర్ నొక్కి, ఎక్స్‌టెన్షన్ నంబరు కొట్టి, మళ్ళీ నొక్కితే కాల్ మీ చేయి దాటిపోతుంది. అవతలి ఫోను మోగుతుందో, బిజీగా ఉందో, ఆ మనిషి సెలవులో ఉన్నాడో మీకు తెలియదు. చెప్పి ఇచ్చే ట్రాన్స్‌ఫర్‌ను అటెండెడ్ లేదా కన్సల్టేటివ్ ట్రాన్స్‌ఫర్ అంటారు. మొదటిసారి ట్రాన్స్‌ఫర్ నొక్కగానే ఫోన్ చేసిన వ్యక్తి హోల్డ్‌లోకి వెళతాడు, మీరు సహోద్యోగితో మాట్లాడతారు, ఆమె సరేనంటే రెండోసారి నొక్కి వదులుతారు. రెండోసారి నొక్కే వరకు బాధ్యత మీదే.

రిసెప్షన్‌లోని ఉద్యోగి ఒక బిల్లు ఫిర్యాదును అకౌంట్స్ విభాగానికి ఇస్తోందనుకుందాం. ఫోన్ చేసినవారితో ‘అకౌంట్స్‌లో మేడమ్‌కు ఇస్తున్నానండీ, లైన్‌లోనే ఉండండి’ అంటుంది. ట్రాన్స్‌ఫర్ నొక్కి 214 కొడుతుంది. అటు ఎత్తగానే, ‘మేడమ్, పోయిన నెల బిల్లులో మొత్తం రెండుసార్లు పడిందని ఒకరు లైన్‌లో ఉన్నారు, బిల్లు నంబరు వారి దగ్గరే ఉంది, ఇవ్వమంటారా?’ అని అడుగుతుంది. ‘ఇవ్వండి’ అంటే మళ్ళీ ట్రాన్స్‌ఫర్. ‘అరగంట ఆగి నేనే చేస్తానని చెప్పండి’ అంటే రద్దు చేసే బటన్ నొక్కి ఫోన్ చేసినవారి దగ్గరికి తిరిగి వచ్చి వారి నంబరు రాసుకుంటుంది. మొత్తం పనికి పదిహేను ఇరవై సెకన్లు పడుతుంది. ఫిర్యాదుతో ఫోన్ చేసిన మనిషి తన కథను రెండోసారి మొదటి నుంచి చెప్పుకోనక్కరలేదు. ఆ పదిహేను సెకన్లకు దక్కే ఫలితం అది.

ఈ లెక్కన ఎప్పుడూ చెప్పి ఇవ్వడమే మేలు కదా అనిపిస్తుంది. కాని గంటకు వంద కాల్స్ వచ్చే రిసెప్షన్‌లో ప్రతిదానికీ ఇరవై సెకన్లంటే లైన్‌లో మిగతావారు ఎదురుచూడవలసిందే. కాల్ వెళుతున్నది ఒక మనిషికి కాక, నలుగురైదుగురు కలిసి తీసే విభాగం నంబరుకైతే బ్లైండ్ ట్రాన్స్‌ఫర్‌లో తప్పు లేదు, ఎందుకంటే అక్కడ ఎవరో ఒకరు తీస్తారు, లేదా కాల్ వరుసలో నిలుస్తుంది. ఒక మనిషి సొంత ఎక్స్‌టెన్షన్‌కు, అందులోనూ కోపంగా ఉన్నవారిని, పెద్ద ఖాతాదారులను, ఇప్పటికే ఒకసారి ట్రాన్స్‌ఫర్ అయి వచ్చినవారిని బ్లైండ్‌గా పంపకూడదు. రెండుసార్లు చేతులు మారిన కాల్ మూడోసారి వాయిస్‌మెయిల్‌లో పడితే ఆ ఖాతాదారు మళ్ళీ మనకు ఫోన్ చేయకపోవచ్చు.

ఎంచుకునే ముందు మీ వ్యవస్థలో మూడు సంగతులు పరీక్షించి చూడాలి. మొదటిది, బ్లైండ్‌గా పంపిన కాల్‌ను ఎవరూ తీయకపోతే అది మీకు తిరిగి వస్తుందా, అవతలి వాయిస్‌మెయిల్‌కు వెళుతుందా, లేక తెగిపోతుందా అన్నది. తిరిగి వచ్చే ఏర్పాటు ఉంటే బ్లైండ్ ట్రాన్స్‌ఫర్‌లోని ప్రమాదం సగానికి సగం తగ్గుతుంది. రెండవది, తెర మీద కనిపించే నంబరు. బ్లైండ్‌గా పంపినప్పుడు సాధారణంగా అసలు ఫోన్ చేసినవారి నంబరే కనిపిస్తుంది. చెప్పి ఇచ్చినప్పుడు మొదట మీ ఎక్స్‌టెన్షన్ కనిపించి, బదిలీ పూర్తయ్యాక కొన్ని వ్యవస్థల్లో అసలు నంబరు వస్తుంది, కొన్నింటిలో రాదు. రాని చోట, తిరిగి ఫోన్ చేయవలసిన నంబరును నోటితో చెప్పవలసిన పని మీదే.

మూడవది రిసీవర్ పెట్టేసినప్పుడు ఏమవుతుందన్నది, దీని దగ్గరే చాలామంది తడబడతారు. కొన్ని ఫోన్లలో సహోద్యోగితో మాట్లాడి రిసీవర్ పెట్టేస్తే ట్రాన్స్‌ఫర్ పూర్తవుతుంది. కొన్నింటిలో సహోద్యోగి లైన్ మాత్రమే తెగి, ఖాతాదారు హోల్డ్‌లోనే మిగులుతాడు. చాలా ఐపీ ఫోన్లలో ఇది నిర్వాహకుడు మార్చగల అమరిక. ఒకే ఆఫీసులో రెండు రకాల ఫోన్లు ఉంటే రెండింటిలోనూ ఒకేలా పెట్టించండి. అది కుదిరే వరకు సిబ్బంది రెండోసారి ట్రాన్స్‌ఫర్ నొక్కాకే రిసీవర్ పెట్టే అలవాటు చేసుకోవడం మంచిది, ఆ పద్ధతి రెండు రకాల ఫోన్లలోనూ సరిపోతుంది.

మధ్యేమార్గం ఒకటుంది. సహోద్యోగి ఫోను మోగడం వినిపించగానే, ఆమె ఎత్తకముందే రెండోసారి నొక్కి వదిలేయడం. లైన్ బిజీగా లేదని తెలుస్తుంది, సమయం కలిసి వస్తుంది. ఆమె కుర్చీలో ఉందో లేదో మాత్రం తెలియదు. మనిషి లేడని ముందే తెలిసినప్పుడు ఇంకో దారి ఉంది: ఫోను మోగకుండా నేరుగా వాయిస్‌మెయిల్‌కు పంపడం. అలా పంపే ముందు ‘వారు సీట్లో లేరండీ, వాయిస్‌మెయిల్‌కు కలపమంటారా, నేను రాసి పెట్టమంటారా’ అని అడగడం మర్యాద.

ఫార్వర్డ్: మీరు లేనప్పుడు కాల్ ఏ దారి పట్టాలి

ట్రాన్స్‌ఫర్ అనేది ఎత్తిన కాల్‌ను ఇవ్వడం, ఫార్వర్డ్ ఎత్తకముందే దారి మళ్ళించడం. ఇందులో మూడు రకాలున్నాయి: అన్ని కాల్స్‌నూ మళ్ళించడం, లైన్ బిజీగా ఉంటే మళ్ళించడం, ఎవరూ ఎత్తకపోతే మళ్ళించడం. వీటిలో ‘అన్నీ’ అనేదాన్ని చాలామంది వాడతారు, నా దృష్టిలో తక్కువగా వాడవలసింది అదే. అది పెట్టాక మీ ఫోను అసలు మోగదు. సెలవు నుంచి తిరిగి వచ్చి తీసేయడం మరిచిపోతే ‘ఈ రోజు ఎవరూ ఫోన్ చేయలేదేమిటి’ అని మధ్యాహ్నం దాకా అనుకుంటూ కూర్చోవచ్చు. కొన్ని రోజుల పాటు నిజంగా ఊళ్ళో లేనప్పుడు మాత్రమే దాన్ని పెట్టి, మిగతా సమయమంతా ‘బిజీ’, ‘ఎత్తకపోతే’ అనే రెండింటినీ శాశ్వతంగా ఉంచుకుంటే రోజూ మార్చే పని ఉండదు.

‘ఎత్తకపోతే’ అన్నదానికి గడువును సెకన్లలో పెట్టాలి, రింగులలో కాదు, ఎందుకంటే రింగ్ నిడివి అన్నిచోట్లా ఒకటి కాదు. ఉత్తర అమెరికా పద్ధతిలో 2 సెకన్లు మోగి 4 సెకన్లు ఆగుతుంది. బ్రిటన్ పద్ధతిలో జంట మోతతో సహా మొత్తం 3 సెకన్లలో ఒక చక్రం పూర్తవుతుంది. ‘నాలుగు రింగులు’ అంటే ఒకచోట 24 సెకన్లు, ఇంకోచోట 12. సిస్కో వ్యవస్థలో ముందుగా పెట్టి ఉండే గడువు 12 సెకన్లు. పక్క బల్ల నుంచి లేచి వచ్చేవారికి అది చాలదు. బల్ల దగ్గరే ఉండేవారికి 15, తిరిగే పని ఉన్నవారికి 20 నుంచి 25 సెకన్లు నా సలహా. ఇంతకు మించితే ఫోన్ చేసినవారు పెట్టేస్తారు.

మొబైల్‌కు ఫార్వర్డ్ పెట్టేవారు మరికొన్ని విషయాలు చూసుకోవాలి. బయటి నుంచి వచ్చిన కాల్ బయటి నంబరుకే వెళితే, మాట్లాడినంతసేపూ ఆఫీసు లైన్లలో రెండు ఆక్రమణలో ఉంటాయి. నాలుగు లైన్లున్న ఆఫీసులో ఇద్దరు ఇలా మాట్లాడుతుంటే ఐదో కాల్ వచ్చే దారి కాదు, మూడో కాల్ వచ్చే దారి కూడా ఉండదు. మొబైల్ తెర మీద ఫోన్ చేసినవారి నంబరు కాక ఆఫీసు నంబరు కనిపించే అవకాశమూ ఉంది, అది టెలికాం సంస్థ దేన్ని అనుమతిస్తుందో దాన్ని బట్టి ఉంటుంది. మొబైల్ స్విచాఫ్ అయి ఉంటే దాని సొంత వాయిస్‌మెయిల్ కాల్‌ను ఎత్తేస్తుంది; ఆఫీసు వ్యవస్థ దృష్టిలో ఎవరో ఎత్తినట్టే, కాబట్టి కాల్ ఇక ఆఫీసులోని మరొకరి దగ్గరకు రాదు. దీనికి విరుగుడుగా కొన్ని వ్యవస్థలు మొబైల్ ఎత్తినవారిని ‘స్వీకరించడానికి 1 నొక్కండి’ అని అడుగుతాయి. యంత్రం 1 నొక్కదు కనుక కాల్ ఆఫీసుకు తిరిగి వస్తుంది. ఈ సదుపాయం ఉంటే తప్పకుండా పెట్టించుకోవాలి.

ఫార్వర్డ్‌కు బదులు బల్ల ఫోను, మొబైల్ రెండూ ఒకేసారి మోగే ఏర్పాటు ఇంకొకటి. తరచూ బయటకు వెళ్ళి వచ్చేవారికి నేను దీన్నే ఎక్కువగా సూచిస్తాను, ఎందుకంటే పెట్టడం, తీయడం అనే పనే ఉండదు. ఏది దగ్గరుంటే అది ఎత్తుతారు. ఇంటికి వెళ్ళాక కూడా మోగుతుందన్న ఇబ్బంది ఉన్నవారు, పని వేళలకు మాత్రమే పరిమితం చేసే వీలుందో లేదో అడగాలి.

ఫార్వర్డ్‌ను ఎక్కడ పెట్టారన్నది కూడా ముఖ్యం. ఐపీ ఫోను మెనూలో పెట్టిన ఫార్వర్డ్‌ను చాలా సందర్భాల్లో ఆ ఫోనే నడుపుతుంది: కాల్ వచ్చినప్పుడు ‘నేను ఇక్కడ లేను, ఫలానా నంబరుకు వెళ్ళు’ అని వ్యవస్థకు 302 అనే సంకేతంతో జవాబిస్తుంది. ఫోనుకు కరెంటు పోయినా, నెట్‌వర్క్ తీగ ఊడినా ఆ జవాబు ఇచ్చేవారే ఉండరు. స్టార్ కోడ్‌తో (స్టార్ బటన్‌తో మొదలయ్యే అంకెలతో) గాని, వెబ్ పేజీలో గాని వ్యవస్థలోనే పెట్టిన ఫార్వర్డ్ ఫోను ఆగిపోయినా పనిచేస్తుంది. ఆఫీసు మూసి ఫోన్లు ఆపేసి వెళ్ళేవారు రెండో పద్ధతినే ఎంచుకోవాలి. రెండుచోట్లా రెండు వేర్వేరు నంబర్లు పెట్టి వదిలేస్తే కాల్ ఎందుకలా వెళుతోందో కనిపెట్టడానికి అరపూట పడుతుంది.

‘డిస్టర్బ్ చేయవద్దు’ అనే డీఎన్‌డీ బటన్‌ను ఫార్వర్డ్‌కు దగ్గరి చుట్టంగా చూడాలి. అది నొక్కిన ఫోను సాధారణంగా బిజీగా ఉన్నట్టు సంకేతం ఇస్తుంది, అందువల్ల ‘బిజీ అయితే’ అన్న ఫార్వర్డ్ ఎక్కడికి పెట్టి ఉంటే కాల్ అక్కడికి పోతుంది. అది పెట్టని చోట ఫోన్ చేసినవారికి బిజీ టోన్ వినిపించి ఊరుకుంటుంది. గంటసేపటి సమావేశానికి డీఎన్‌డీ, రోజంతటి గైర్హాజరీకి ఫార్వర్డ్ సరైనవి.

పక్క బల్ల మోగుతుంటే

లేచి వెళ్ళి ఎత్తనక్కరలేదు, దానికి పికప్ ఉంది. గ్రూప్ పికప్‌లో ఒక కోడ్ కొడితే మీ గుంపులో మోగుతున్న ఫోనుల్లో ఏదో ఒకటి మీ దగ్గరకు వస్తుంది. రెండు ఒకేసారి మోగుతుంటే ఏది వస్తుందో మీ చేతిలో ఉండదు. డైరెక్టెడ్ పికప్‌లో ఫలానా ఎక్స్‌టెన్షన్ కాల్‌నే తీసుకుంటారు, ఆ నంబరు గుర్తుండాలి. ఐదారుగురు ఒకే గదిలో కూర్చుంటే మొదటిది చాలు. అధికారి ఫోన్లు చూసే సహాయకులకు మూడో పద్ధతి మేలు: అధికారి ఎక్స్‌టెన్షన్‌ను దీపం ఉన్న బటన్‌గా పెట్టుకోవడం. ఆయన మాట్లాడుతున్నారా, ఖాళీగా ఉన్నారా, ఫోను మోగుతోందా అన్నది దీపమే చెబుతుంది. మోగుతున్నప్పుడు అదే బటన్ నొక్కితే కాల్ వస్తుంది, మామూలప్పుడు నొక్కితే ఆయనకు డయల్ అవుతుంది, ట్రాన్స్‌ఫర్ చేసేటప్పుడు నంబరు కొట్టే పని తప్పుతుంది. ఒకే బటన్‌తో మూడు పనులు.

ఒక నంబరు, పలువురు మనుషులు

విభాగం నంబరుకు వచ్చే కాల్ అందరికీ ఒకేసారి మోగాలా, ఒకరి తర్వాత ఒకరికా అన్నది విభాగాధిపతి తేల్చాలి. అందరికీ మోగితే కాల్ త్వరగా అందుతుంది, కాని ఏడెనిమిది ఫోన్లు ఒక్కసారి మోగే గదిలో పని సాగదు, పైగా ‘వాళ్ళెవరో తీస్తారులే’ అని అందరూ ఊరుకునే రోజులూ ఉంటాయి. నలుగురి వరకు ఈ పద్ధతి బాగుంటుంది. వరుసలో వెళ్ళే పద్ధతుల్లో మూడు ముఖ్యమైనవి. ప్రతిసారీ మొదటి వ్యక్తితోనే మొదలయ్యేది, ప్రధాన బాధ్యుడు ఒకరుండి మిగతావారు సాయానికి ఉన్నచోట సరిపోతుంది. అందరూ సమానులైనచోట పెడితే మొదటి కుర్చీవారి నడ్డి విరుగుతుంది. గుండ్రంగా తిరిగేది కాల్స్ సంఖ్యను సమానంగా పంచుతుంది. ఎవరు ఎక్కువసేపటి నుంచి ఖాళీగా ఉన్నారో వారికి ఇచ్చేది పనిభారాన్ని ఇంకొంచెం న్యాయంగా పంచుతుంది, ఎందుకంటే ఇరవై నిమిషాల కాల్ మాట్లాడినవారికి ముగించగానే మళ్ళీ మోగదు. కాల్స్ నిడివి బాగా తేడాగా ఉండే సహాయ కేంద్రాలకు ఇదే తగినది.

వరుస పద్ధతి ఏదైనా ఒక్కొక్కరి దగ్గర ఎన్ని సెకన్లు మోగాలో లెక్క చూసుకోవాలి. ఐదుగురి దగ్గర 15 సెకన్ల చొప్పున అంటే చివరివారి దాకా వచ్చేసరికి నిమిషం దాటుతుంది. అంతసేపు ఎవరూ లైన్‌లో ఉండరు.

కాన్ఫరెన్స్

ముగ్గురికి ఫోను మీది కాన్ఫరెన్స్ బటన్ చాలు. చాలా ఫోన్లలో ముగ్గురి గొంతులనూ కలిపే పని ఆ ఫోనే చేస్తుంది, కనుక మొదలుపెట్టిన వ్యక్తి రిసీవర్ పెట్టేస్తే మిగతా ఇద్దరి లైన్ కూడా తెగవచ్చు. నలుగురైదుగురు దాటినా, మొదలుపెట్టినవారు మధ్యలో వెళ్ళిపోవలసి వచ్చినా, ఒక నంబరూ పిన్నూ ఇచ్చి అందరినీ అక్కడికే డయల్ చేయమనే కాన్ఫరెన్స్ గది మంచిది.

కోడ్లు, బటన్లు, ఒక జాగ్రత్త

1963లో బటన్ల ఫోన్లు అమెరికాలో మొదట వచ్చినప్పుడు వాటి మీద పది అంకెలే ఉండేవి, స్టార్, హ్యాష్ బటన్లు 1968లో చేరాయి. ఇవాళ సదుపాయాల కోడ్లలో ఎక్కువ భాగం ఆ రెండింటితోనే మొదలవుతాయి. అస్టెరిస్క్ మీద నడిచే ఫ్రీపీబీఎక్స్ అనే వ్యవస్థలో స్టార్ 72 అన్ని కాల్స్‌నూ, స్టార్ 90 బిజీ కాల్స్‌ను, స్టార్ 52 ఎత్తని కాల్స్‌ను ఫార్వర్డ్ చేస్తాయి. స్టార్ 73, 91, 53 వాటిని వరుసగా రద్దు చేస్తాయి. మీ ఆఫీసులో ఇవే ఉంటాయని అనుకోవద్దు, నిర్వాహకుడు మార్చి ఉండవచ్చు. మాట్లాడుతుండగా నొక్కే కోడ్లతో ఇంకొక చిక్కు ఉంది: హ్యాష్‌తో ట్రాన్స్‌ఫర్ అయ్యేలా పెట్టిన ఆఫీసు నుంచి ఏదైనా సంస్థ యంత్రానికి ఫోన్ చేసి, అది ‘ఖాతా నంబరు నొక్కి చివర హ్యాష్ నొక్కండి’ అన్నప్పుడు హ్యాష్ నొక్కితే మన వ్యవస్థే దాన్ని ట్రాన్స్‌ఫర్ అనుకుంటుంది. రెండుసార్లు హ్యాష్ నొక్కేలా మార్చడం దీనికి మందు.

రోజుకు పదిసార్లు చేసే పనికి బటన్, వారానికి ఒకసారి చేసే పనికి కోడ్ అన్నది నా లెక్క. ఆరు బటన్లే ఖాళీగా ఉంటే మూడింటిని తరచూ ట్రాన్స్‌ఫర్ చేసే ముగ్గురి దీపాలకు, ఒకదాన్ని పార్క్‌కు, ఒకదాన్ని పికప్‌కు ఇచ్చి, మిగిలినదాన్ని ఫార్వర్డ్‌కు ఇవ్వమంటాను. ఫార్వర్డ్‌కు దీపం ఉండాలని అనడం దాన్ని తరచూ వాడతామని కాదు, పెట్టి మరిచిపోతామని.

నిర్వాహకుడు మాత్రం ఫార్వర్డ్ విషయంలో ఇంకొక అడుగు వేయాలి. తేలికైన వాయిస్‌మెయిల్ పిన్‌ను ఊహించి లోపలికి చొరబడి, ఒక ఎక్స్‌టెన్షన్‌ను ఖరీదైన విదేశీ నంబరుకు ఫార్వర్డ్ చేసి రాత్రంతా దాని మీద కాల్స్ నడిపే మోసం చాలా కాలంగా ఉంది. బిల్లు వచ్చే దాకా ఆ సంగతి బయటపడదు. ఎక్స్‌టెన్షన్ నంబరునే పిన్‌గా వదిలేయకుండా మార్పించాలి. బయటి నంబర్లకు ఫార్వర్డ్ చేసే అనుమతిని అందరికీ తీసేసి, నిజంగా అవసరమున్న ఎక్స్‌టెన్షన్లకు మాత్రమే ఇవ్వాలి, వారిలోనూ విదేశీ కాల్స్ పనిలో భాగమైనవారికి తప్ప మిగతావారికి దేశం లోపలి నంబర్ల వరకే పరిమితం చేయాలి.